తీర జలాల్లో చేప డింభకాల విస్తరణను నిర్ణయించేది లవణతా, నీటి కదలికా?

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో జంతుశాస్త్రం ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్నాను. పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర, దానికి ఎదురుగా ఉన్న తీర జలాల్లో చేప డింభకాలు (గుడ్డు నుంచి బయటపడిన తొలి దశ పిల్లలు) ఎక్కడ ఎక్కువగా ఉంటున్నాయి, ఎందుకు ఉంటున్నాయి అన్నది నా ప్రాజెక్టు విషయం. పదిహేను రోజులకు ఒకసారి తెల్లవారుజామున ఇక్కడి నుంచి బయలుదేరి వెళ్లి, ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో పడవ మీద నుంచి ప్లవకాల వల (నీటితో పాటు కొట్టుకుపోయే చిన్న జీవులను పట్టే సన్నటి వల) లాగుతాము. అదే చోట నీటి ఉష్ణోగ్రత, లవణత, క్లోరోఫిల్ (నీటిలోని సూక్ష్మ మొక్కల పచ్చదనం) కొలిచి పట్టికలో రాసుకుంటున్నాను.

నవంబరు, డిసెంబరు నెలల్లో లవణత పడిపోయినప్పుడు డింభకాల సాంద్రత పెరిగినట్లు పట్టిక చెబుతోంది. దాన్ని అలాగే నిర్ధారణగా రాస్తానంటే మా గైడుగారు ఒప్పుకోలేదు. లవణత దాదాపు ఒకే విధంగా ఉన్న రెండు రోజుల్లో ఒకనాడు కవళ్ళ (సార్డీన్) జాతి పిల్లలు వల నిండా వచ్చాయి, మరొకనాడు పీత డింభకాలు తప్ప చేపలవి చెప్పుకోదగ్గంతగా లేవు. లవణతే కారణమైతే ఈ తేడా ఎలా వచ్చిందని ఆయన అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. పుస్తకాలు తీస్తే అన్నీ నార్వే కాడ్ చేప గురించి, కాలిఫోర్నియా ఆంకోవీ గురించి చెబుతాయి. సంవత్సరం పొడవునా వెచ్చగా ఉండే మన తీరంలో డింభకాలను అసలు ఏది నడిపిస్తుంది? గాలి, ప్రవాహం, ఆటుపోట్లు వీటిలో దేనికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి? ఉపగ్రహ సమాచారాన్ని వాడుకుంటే పని తేలికవుతుందా?

హేచరీ_నాయుడుపేట

చేప గుడ్లను పొదిగించే హేచరీలో పనిచేసే మనిషిగా ఒక విషయం మాత్రం చెప్పగలను. లవణత చేపకు నేరుగా చేసే మేలు కీడులు దాని వయసును బట్టి మారిపోతాయి. కత్తిపరిగ పిల్ల వేలెడంత అయ్యాక ఉప్పునీటి నుంచి మంచినీటికి మార్చినా తట్టుకుంటుంది. పాలబొంత కూడా అంతే. గుడ్డు సంగతి అలా కాదు. పండుగప్ప గుడ్లను 28 నుంచి 32 పీపీటీ (లీటరుకు ఇంచుమించు అన్ని గ్రాముల ఉప్పు) నీటిలో ఉంచి ఎయిరేషన్ (గాలి బుడగలు పంపడం) ఆపితే మంచి గుడ్లు పైకి తేలతాయి, చెడిపోయినవి అడుగుకు దిగుతాయి. మేము వాటిని వేరుచేసేది ఆ పద్ధతిలోనే. నీటిలో ఉప్పు బాగా తగ్గిపోతే మంచి గుడ్లు కూడా మునిగిపోతాయి. సముద్రంలోనూ అదే జరుగుతుంది కాబట్టి వాన నీరు కమ్ముకున్న పైపొరలో గుడ్లు కనిపించకపోతే అవి చచ్చిపోయాయని అనుకోనక్కరలేదు, ఉప్పు ఎక్కువగా ఉన్న కింది పొర అంచున నిలిచి ఉండవచ్చు. మీ వల ఎంత లోతున లాగారో రాయలేదు. ముందు అది చెప్పండి.

తీరప్రవాహం

గైడుగారు సరైన చోటే వేలు పెట్టారు. లవణత అన్నది మీరు ఏ నీటిలో నిలబడి ఉన్నారో చెప్పే చిరునామా వంటిది. డింభకాలను తెచ్చేదీ, తీసుకుపోయేదీ, నిలబెట్టేదీ ఆ నీటి కదలిక. పైగా మన తీరంలో ఒకే చిరునామాకు ఇద్దరు మనుషులు ఉన్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

నవంబరులో ఏమేం జరుగుతుందో చూడండి. ఈశాన్య ఋతుపవనాల వానకు కాళంగి, ఆరణి నదులు పులికాట్‌లోకి, స్వర్ణముఖి వాకాడు వైపున సముద్రంలోకి నీరు తెస్తాయి. అదే నెలల్లో తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ దిశ, ఫిబ్రవరి నుంచి మే వరకు దీనికి పూర్తిగా ఎదురు దిశ. దక్షిణానికి సాగేటప్పుడు అది గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ వదిలిన తక్కువ ఉప్పు నీటిని మన దాకా మోసుకొస్తుంది. అంటే మీ పరికరం చూపిన తక్కువ లవణత చంద్రగిరి కొండల మీద కురిసిన వానదీ కావచ్చు, వందల కిలోమీటర్ల ఉత్తరం నుంచి వచ్చిన నీటిదీ కావచ్చు. మొదటి రకం నీటిలో సరస్సు లోపలి డింభకాలు, పీత పిల్లలు బయటికి కొట్టుకొస్తాయి. రెండో రకం నీటిలో బయటి సముద్రంలో పుట్టిన కవళ్ళు, పొరుగు తీరాల పిల్లలు వస్తాయి. మీరు చెప్పిన ఆ రెండు రోజుల తేడాకు ఇదొక బలమైన వివరణ అని నా అభిప్రాయం.

ఇక గాలి. ఉత్తరార్ధగోళంలో గాలి నెట్టిన పైపొర నీరు మొత్తం మీద గాలి దిశకు కుడివైపుకు తిరుగుతుంది. నైరుతి గాలి మన తీరానికి ఇంచుమించు సమాంతరంగా వీస్తుంది కాబట్టి దాని కుడివైపు అంటే బయటి సముద్రం. అప్పుడు పైపొర తీరం వదిలి పోతుంది, దాని స్థానంలోకి చల్లని, పోషకాలున్న అడుగునీరు ఉబికి రావాలి. బంగాళాఖాతంలో నదుల నీరు పైన మూతలా పరుచుకుని ఉండడం వల్ల ఈ ఉబకడం అరేబియా సముద్రంలో జరిగినంత బలంగా జరగదు. ఈశాన్య గాలి వీచే నెలల్లో ఇదంతా తిరగబడి, పైపొర నీరు ఒడ్డువైపు ఒత్తుకుంటుంది. పైపొరలో ఉండే డింభకాలు తీరం దగ్గర పోగుపడతాయి. మీ పట్టికలో నవంబరు, డిసెంబరు సాంద్రత పెరగడానికి ఈ ఒక్క కారణమే చాలు, లవణత దాని పక్కన నడిచిన తోడు మాత్రమే కావచ్చు. నవంబరు నెల వాన, ప్రవాహం, గాలి మూడింటినీ ఒకేసారి మార్చేస్తుంది కాబట్టి ఒక్క సీజను పట్టికతో వాటిని విడదీయడం గణాంకాలకు సాధ్యం కాదు.

నార్వే ఉదాహరణలను అంత తేలిగ్గా తోసిపుచ్చకండి. 1914లో నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ రెండు ప్రతిపాదనలు చేశారు. పుట్టుకతో పొట్ట కింద ఉండే సొన సంచి ఖాళీ అయిన వెంటనే తిండి దొరకని డింభకాలు పెద్ద ఎత్తున చనిపోతాయన్నది మొదటిది, దాన్నే అందరూ చదువుతారు. ప్రవాహం డింభకాలను అనుకూలం కాని చోటికి కొట్టుకుపోతే అవి తిరిగి రాలేక నశిస్తాయన్నది రెండోది. మీకు పనికొచ్చేది ఆ రెండోదే. మన తీరంలో 28 డిగ్రీల దగ్గర చాలా జాతుల గుడ్లు ఒక రోజు అటూ ఇటూగా పొదిగిపోతాయి. సొన కూడా త్వరగా అయిపోతుంది. అందువల్ల ప్రతిదీ ఇక్కడ గంటల్లో, రోజుల్లో జరుగుతుంది, చల్లని సముద్రాల్లో మాదిరిగా వారాల తరబడి సాగదు.

ఎంత దూరం కొట్టుకుపోగలదో ఒకసారి లెక్క వేయండి. ప్రవాహం సెకనుకు 30 సెంటీమీటర్లు అనుకున్నా రోజుకు 26 కిలోమీటర్లు. ఇరవై రోజుల డింభక దశ ఉన్న చేప కాగితం మీద 500 కిలోమీటర్లు దాటుతుంది. నిజంలో అంత పోదు, ఎందుకంటే ఒడ్డుకు దగ్గరగా ఉన్న నీరు నేల రాపిడి వల్ల నెమ్మదిస్తుంది, మధ్యలో సుడులు పట్టి ఆపుతాయి. అఖాతాల విలువ అదే. కాకినాడ అఖాతాన్ని తీసుకోండి, గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ తూర్పు వైపు అడ్డుగా ఉండడంతో లోపలి నీరు బయటి ప్రవాహానికి అంత సులువుగా దొరకదు. కోరంగి వైపు మడ అడవి కాలువల నుంచి తిండి కూడా వస్తుంది. అక్కడ లవణత పడిపోయేది గోదావరి వరదకు, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో. మీ దగ్గర నవంబరులో. ఒకే రాష్ట్రంలో రెండు తీరాలకు రెండు కాలాలు ఉన్నప్పుడు కాకినాడ వ్యాసాల నిర్ధారణలను తెచ్చి పులికాట్‌కు అతికించడం ప్రమాదం.

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

తీరప్రవాహం గారూ, హేచరీ గారూ, చాలా కృతజ్ఞతలు. వల నీటి ఉపరితలానికి అర మీటరు కింద మాత్రమే లాగాము. లోతుల వారీగా తీయలేదు. డింభకం అంత చిన్నది కదా, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది, పైన ఉన్నా కింద ఉన్నా ఏమి తేడా అనుకున్నాము. ఇంకొక సందేహం. సముద్రంలో పుట్టిన పిల్లలు సరస్సులోకి ఎలా చేరుతున్నాయి? మొగ దగ్గర పోటుకు లోపలికి వచ్చినవి పాటుకు (నీరు తీసేటప్పుడు) బయటికి పోవాలి కదా?

గాజుపిల్ల

మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే, అది లోతులో ఉంది. ఇప్పుడే పొదిగి కాస్త ఈదడం నేర్చిన డింభకం సెకనుకు సుమారు తన శరీరం పొడవంత దూరం పోగలదు. 4 మిల్లీమీటర్ల పిల్ల గంటకు 14 మీటర్లు. మొగ దగ్గర నీరు సెకనుకే అర మీటరు పరుగెడుతుంటే ఈ 14 మీటర్లు అడ్డంగా ఎందుకూ పనికిరావు. అదే 14 మీటర్లను నిలువుగా వాడుకుంటే మీరు పనిచేసే చోట ఉపరితలం నుంచి అడుగు వరకు గంటలోపే దిగిపోవచ్చు. పైన నీరు ఒక దిక్కుకు, అడుగున ఇంకొక దిక్కుకు పోతున్నప్పుడు తన లోతును ఎంచుకోగల పిల్ల తన ప్రయాణాన్నే ఎంచుకున్నట్లు.

మొగ దగ్గర జరిగేది ఇదే. చాలా జాతుల పిల్లలు పోటు వచ్చేటప్పుడు నీటి మధ్యకు లేచి నీటితో పాటు లోపలికి వస్తాయి, పాటు మొదలయ్యాక ప్రవాహం నెమ్మదిగా ఉండే అడుగుకు దిగి, గడ్డి పక్కన, అంచుల వెంబడి ఆగుతాయి. రొయ్య పిల్లలు కూడా ఇలాగే వస్తాయి. వాన రోజుల్లో దీనికి ఇంకొక సాయం ఉంది. మంచినీరు పైన బయటికి పోతుంటే బరువైన ఉప్పునీరు అడుగున లోపలికి వస్తుంది, అందుకని అడుగున ఉన్న పిల్ల ఏమీ చేయకపోయినా సరస్సులోకే చేరుతుంది. మీరు అర మీటరు లోతున లాగిన వల ఈ పిల్లలను చూడనే లేదు. వేసవిలో పరిస్థితి వేరు. సరస్సు నీరు ఆవిరై సముద్రం కంటే ఉప్పగా మారినప్పుడు ఈ రెండు పొరల ఏర్పాటు ఉండదు, తిరగబడినా తిరగబడవచ్చు. లోపల సరస్సంతా సగటున మనిషి నడుము లోతు కూడా ఉండదు, అక్కడ లోతు గురించి మాట్లాడడంలో అర్థం లేదు. ఈ వాదన అంతా మొగకూ, బయటి తీరానికీ పరిమితం.

ఇప్పుడు మీ పదిహేను రోజుల లెక్కకు వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా తోచింది. పోటు పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పదిహేను రోజులకు అది దాదాపు పన్నెండున్నర గంటలు, అంటే ఒక పూర్తి చక్రం. కాబట్టి పదిహేను రోజులకు ఒకసారి ఉదయం తొమ్మిదికి వెళ్లే మనిషికి ప్రతిసారీ ఆటుపోట్ల ఒకే దశ ఎదురవుతుంది. మీ నమూనాలన్నీ పోటువో, అన్నీ పాటువో అయి ఉంటాయి. పోల్చడానికి అది బాగానే ఉంటుంది, కానీ మీ నిర్ధారణ ఆ ఒక్క దశకే చెల్లుతుంది. ఏడు రోజుల తేడాతో వెళితే మాత్రం దశ తారుమారవుతుంది, అప్పుడు అదే తొమ్మిది గంటలకు పోటు బదులు పాటు కనిపిస్తుంది. చేపలు రాని ఆ రోజు మీ మామూలు తేదీకి జరిగిందా, వాయిదా పడిన రోజా? నోట్‌బుక్ చూసి చెప్పండి.

మరికొన్ని పని మాటలు. వల మూతికి ఫ్లోమీటరు (లోపలికి పోయిన నీటిని కొలిచే పరికరం) లేకుండా సాంద్రత అన్న మాట వాడకండి. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బోంగో వలను (పక్కపక్కన రెండు మూతులుండే వల) సెకనుకు 1 మీటరు వేగంతో పది నిమిషాలు లాగితే ఒక్కో మూతి గుండా దాదాపు 170 ఘనమీటర్ల నీరు పోవాలి, కానీ ప్లవకాలు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతే అందులో సగం కూడా పోకపోవచ్చు, మీకు తెలియదు కూడా. కొంచెం ఎదిగిన పిల్లలు పగటి వెలుగులో వలను చూసి తప్పుకుంటాయి, రాత్రి అదే చోట ఎక్కువ పడతాయి. నమూనాను రెండు భాగాలు చేయండి. ఆకారం చూసి గుర్తించడానికి ఒక భాగం ఫార్మలిన్‌లో, రెండో భాగం గాఢమైన ఇథనాల్‌లో పెట్టండి. ఫార్మలిన్‌లో డీఎన్ఏ దెబ్బతింటుంది, ఆమ్ల గుణం ఉన్న ఫార్మలిన్‌లో చెవిలోని ఓటోలిత్ రాళ్లు కరిగిపోతాయి. ఆ రాళ్లలో రోజుకొక వలయం ఏర్పడుతుందని 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త చూపించారు. వలయాలు లెక్కపెడితే పిల్ల వయసు తెలుస్తుంది, వయసు తెలిస్తే ఎన్ని రోజుల కింద ఏ ప్రవాహంలో పుట్టిందో వెనక్కి లెక్క కట్టవచ్చు. తీరప్రవాహం గారు చెప్పిన రెండు నీళ్ల సంగతి తేల్చడానికి లవణత మీటరు కంటే ఇది గట్టి సాక్ష్యం. కవళ్ళ జాతి అని రాశారు, అంతకంటే ముందుకు పోవద్దు. ఆ వయసులో కండర ఖండాల సంఖ్య, పేగు పొడవు, నల్లచుక్కల అమరిక చూసి కుటుంబం వరకు చెప్పగలిగితే అదే గొప్ప.

మొగతీరం_వాకాడు

నేను శాస్త్రం చదివినవాణ్ని కాదు, బడిలో పిల్లలకు తెలుగు చెబుతాను, కానీ మా ఇంట్లో అందరూ వేటకు పోయినవాళ్లే. గాజుపిల్ల గారు చెప్పింది మా వాళ్లు మరొక విధంగా చెబుతారు. పోటు మొదలై కొంత సేపు అయ్యాక మొగ అంచు వెంబడి, లోతు మోకాలు దాటని చోట అద్దపు తునకల్లా చిన్న పిల్లలు కదులుతాయి, రెండు నల్లని కళ్లు తప్ప ఒళ్లు కనిపించదు. వేసవిలో అయితే అవి పాలబొంత పిల్లలు. పాటు తిరిగిన తర్వాత అదే చోట చూస్తే ఒక్కటీ ఉండదు. వానాకాలంలో బురదనీరూ తేటనీరూ కలిసే చోట గీత గీసినట్లు నురుగు, ఎండుటాకులు, గడ్డి వరుసగా నిలుస్తాయి. పెద్ద చేప ఆ గీత వెంబడే తిరుగుతుందని మా వాళ్లకు తెలుసు. విద్యార్థిగారు ఆ గీతకు ఇవతల ఒకసారి, గీత మీద ఒకసారి, అవతల ఒకసారి వల లాగి చూడాలని నా సలహా.

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. గాలి, ప్రవాహం, ఆటుపోట్లు అన్నీ సరే, మొగ తెరిచి ఉంటేనే కదా! రాయదొరువు దగ్గర మొగ ఇసుక మేట వేసి పూడిపోయిన కాలంలో సరస్సు ఉత్తర భాగానికి సముద్రపు నీరే అందదు. శ్రీహరికోట రోడ్డు అడ్డంగా ఉండడంతో దక్షిణం నుంచి వచ్చే నీరు కూడా ధారాళంగా రాదు. వాన బాగా పడి లోపలి నీరు మొగను కోసినప్పుడు గానీ, మనుషులు పూడిక తీసినప్పుడు గానీ దారి తెరుచుకుంటుంది. మీ పట్టికలో ఉష్ణోగ్రత పక్కన మొగ వెడల్పు, లోతు కూడా రాసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం పెట్టి తల్లిచేపను కాపాడుతున్నారు, బాగుంది. ఆ పిల్లకు లోపలికి దారి లేకపోతే ఏం లాభమని మా ఊళ్లో అడుగుతారు. నాకూ ఆ ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది.

తీరప్రవాహం

వాకాడు మాస్టారు చెప్పిన గీతే మా పుస్తకాల్లో ఉండే నీటి సరిహద్దు. రెండు వైపుల నీరూ అక్కడికి వచ్చి కిందికి దిగిపోతుంది, తేలే గుణం ఉన్నవి, పైకి ఈదగలవి దిగకుండా అక్కడే పోగుపడతాయి. ఆకులకూ డింభకాలకూ అదే సూత్రం. కాకపోతే తిండీ, తినేవాళ్లూ కూడా అక్కడే చేరతారు కాబట్టి ఎక్కువ డింభకాలు దొరికిన చోటే అవి ఎక్కువ బతుకుతాయని రాయకూడదు. మొగ వెడల్పు సంగతి నేనే చెప్పి ఉండవలసింది, దాన్ని తప్పక చేర్చండి.

ఉపగ్రహాల ప్రశ్నకు జవాబు చెప్పలేదు. సముద్రపు రంగు చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహాలు 1999లో, 2009లో, 2022లో శ్రీహరికోట నుంచే, అంటే ఈ సరస్సు గట్టు మీద నుంచే పైకి వెళ్లాయి. అయినా ఈ సరస్సు వాటికి సరిగ్గా కనిపించదు. చిత్రంలో ఒక్కో చుక్క 360 మీటర్ల మేర ఉండడం ఒక ఇబ్బంది. బురద, అడుగు నేల రంగు క్లోరోఫిల్ లాగా కనిపించి లెక్కను చెడగొట్టడం ఇంకా పెద్ద ఇబ్బంది. బయటి తీరానికి మాత్రం బాగా పనికొస్తాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వారు సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ ఆధారంగానే మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తున్నారు. మీ నమూనా రోజుకు ముందు పది రోజుల చిత్రాలు వరుసగా పెట్టి చూస్తే ఉత్తరం నుంచి నీరు దిగిందో లేదో కొంతవరకు తెలుస్తుంది. దానికి తోడుగా సూళ్లూరుపేట, తడ వర్షపాతం తీసుకోండి. వాన లేకుండా లవణత పడితే అది బయటి నీరు.

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

నోట్‌బుక్ చూశాను. గాజుపిల్ల గారి ఊహ నిజమే. తుఫాను హెచ్చరిక వల్ల ఆ పర్యటన వారం వాయిదా పడింది, మిగతావన్నీ మామూలు తేదీలకే జరిగాయి. పడవ నడిపిన ఆయన్ను ఫోనులో అడిగితే ఆనాడు నీరు బయటికి లాగుతోందని గుర్తుచేసుకున్నారు. అయితే దానికి ముందు రెండు రోజులు సూళ్లూరుపేటలో భారీగా వాన పడింది కూడా, కాబట్టి పాటు వల్లనా, కాళంగి నీటి వల్లనా అన్నది ఆ ఒక్క రోజుతో తేలదు.

గైడుగారితో మాట్లాడి పథకం మార్చుకున్నాము. ఇకపై వారానికి ఒకసారి వెళ్తాము, పోటులో ఒకసారి, పాటులో ఒకసారి, ఉపరితలంలోనూ అడుగుకు దగ్గరలోనూ వల లాగుతాము, బురద గీత కనిపించిన రోజు దాని మీద విడిగా తీస్తాము. ప్రాజెక్టు పేరులోంచి లవణత ప్రభావం అన్న మాట తీసేసి మొగ దగ్గర నీటి కదలిక అని పెడుతున్నాము. సరస్సు పక్షుల అభయారణ్యం కాబట్టి లోపల పనిచేయడానికి అటవీశాఖ అనుమతి ఇప్పటికే ఉంది, రాత్రి నమూనాలకు మాత్రం విడిగా దరఖాస్తు పెట్టాలి. అది వచ్చేవరకు పగలే. ఫ్లోమీటరు మా విభాగంలో ఒక్కటే ఉంది, అదీ మరమ్మతుకు పోయింది. తిరుపతి, సూళ్లూరుపేట పరిసరాల్లో ఎవరి దగ్గరైనా నెల రోజులకు ఇవ్వగలిగినది ఉంటే దయచేసి తెలియజేయండి, విభాగం నుంచి లేఖ తెచ్చి తీసుకుంటాను.